వెనకాల ఒక ఇల్లుంటే

1885 వేసవిలో ఇంగ్లండ్‌లోని ట్వైఫర్డ్ అనే చిన్న ఊరి నుంచి ఒక బండి ఉత్తరం వైపు బయల్దేరింది. బయటంతా మహాగని చెక్క, లోపల మేపుల్. సోఫా, పుస్తకాల అర, కిటికీలకు తెరలు, వంటకి కిరసనాయిలు స్టవ్. లాగడానికి రెండు గుర్రాలు. యజమాని విలియం గోర్డన్ స్టేబుల్స్, స్కాట్లాండ్ మనిషి. నౌకాదళంలో డాక్టరుగా చేసి మానేశాక, మగపిల్లలు చదువుకునే సాహస కథలు రాసుకుంటూ బతికేవాడు. బండి పేరు 'వాండరర్'. ఆయన దాన్ని బండి అనేవాడు కాదు, నేల మీద తిరిగే విహార నౌక అనేవాడు. ఆ వేసవిలో అందులోనే వండుకుని తిని, అందులోనే పడుకుని, ఇన్వర్‌నెస్ దాకా సుమారు 1,300 మైళ్లు వెళ్లాడు. మరుసటి ఏడాది ఆ ప్రయాణం మీద పుస్తకం వచ్చింది.

సరదా కోసమే చేయించుకున్న మొదటి కారవాన్ ఇదేనని చరిత్ర రాసేవాళ్లు చెబుతారు. (మనకి కారవాన్ అంటే షూటింగ్ దగ్గర హీరోగారు కూర్చునే ఏసీ బండి. ఇక్కడ ఆ అర్థం కాదు.) ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో వెనక తలుపు తెరిచిపెట్టి, ఎదురుగా లోయ కనపడేలా కాఫీ కప్పుతో ఫొటో పెట్టేవాళ్లందరికీ ఈ స్టేబుల్స్ ముత్తాత లెక్క. ఒంటరి సంచారి అనే బొమ్మ కూడా అక్కడ్నుంచే మొదలైందనుకోవచ్చు. కాకపోతే ఆయన ఒంటరిగా ఏమీ లేడు. గుర్రాలు తోలడానికి ఒక మనిషి, సొంత పనులు చూడడానికి ఇంకో మనిషి, ఒక పెద్ద కుక్క, ఒక కాకటూ చిలుక వెంట ఉన్నాయి. ఆ రెండో మనిషి మూడు చక్రాల సైకిలు మీద ముందు వెళ్లేవాడు. ఇరుకు రోడ్లలో ఎదురొచ్చే బళ్లని హెచ్చరించడం, రాత్రి బండి పెట్టుకోవడానికి చోటు వెతకడం అతని పని. దొరగారు సాయంత్రానికి తీరిగ్గా చేరేసరికి ఏ సత్రం పెరడో, ఏ రైతు గడ్డిమైదానమో సిద్ధంగా ఉండేది.

నేను చెప్పదలుచుకున్నది ఆ గడ్డిమైదానం గురించే. అది ఎవరికి దొరుకుతుంది?

ఎందుకంటే చక్రాల ఇల్లు స్టేబుల్స్ కనిపెట్టింది కాదు. ఇంగ్లండ్ రోడ్ల మీద రోమా ప్రజలు, మనం జిప్సీలంటామే వాళ్లు, అప్పటికే గుర్రపు బళ్లలో కాపురాలు చేస్తున్నారు. ఊరూరా తిరిగే సర్కస్ వాళ్లు, సంతల్లో రంగులరాట్నాలు తిప్పేవాళ్లు కూడా అంతే. స్టేబుల్స్ ముచ్చటపడింది ఆ బళ్లు చూసే. ఆయన బండి సిద్ధమవుతున్న కాలంలోనే జార్జ్ స్మిత్ అనే సంస్కర్త అవే బళ్ల మీద ఒక చట్టం తేవాలని పార్లమెంటు చుట్టూ తిరుగుతున్నాడు. చెడ్డవాడని కాదు. ఇటుక బట్టీల్లో నలిగిపోతున్న పిల్లల కోసం, కాలువ పడవల్లో పుట్టిపెరిగే పిల్లల కోసం అంతకుముందే పోరాడి చట్టాలు తెప్పించిన మనిషి. ఆ తర్వాత ఆయన చూపు జిప్సీ బళ్ల మీద పడింది. బండికి రిజిస్ట్రేషన్ ఉండాలి, అధికారులు ఎప్పుడైనా ఎక్కి లోపల తనిఖీ చేయొచ్చు, పిల్లల్ని బడికి పంపాలి. చూడ్డానికి మంచి మాటలే. కానీ ఇల్లు కదులుతుంటే చాలు, అందులో ఏదో తప్పు జరుగుతూ ఉంటుందన్న అనుమానం వాటి కింద దాగి ఉంది. ఆ బిల్లు ఒకసారి కాదు, చాలాసార్లు వచ్చింది, ప్రతిసారీ వీగిపోయింది. దాన్ని ఎదుర్కోవడానికే 1889లో సంతల వాళ్లు కలిసి 'వాన్‌లలో నివసించేవారి సంఘం' పెట్టుకున్నారు. వాన్ లైఫ్ అనే హ్యాష్‌ట్యాగ్‌కి వందేళ్లకి పైగా ముందు వాన్ జీవితం పేరుతో ఒక సంఘం ఉండేదన్నమాట. అది పెట్టుకున్నది మాత్రం విహారం కోసం కాదు, బతకనిమ్మని.

లండన్‌లో నెగ్గని ఆలోచన మన దగ్గర సునాయాసంగా నెగ్గింది. 1871లోనే బ్రిటిష్ ప్రభుత్వం ఉత్తర భారతంలో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మార్చి రాసి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఆ జాబితాలోకి ఎక్కిన తెలుగువాళ్లలో ఎరుకలవాళ్లు ముఖ్యులు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఎరుకలవాళ్లలో శాఖల పేర్లు చూడండి: ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల. మోసిన సరుకు, చేసిన పని పేరులోనే ఉన్నాయి. సముద్రం ఒడ్డున ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్లకి, అడవి పల్లెలకి తీసుకెళ్లి, బదులుగా ధాన్యం, అడవి సరుకులు తెచ్చేవాళ్లు. దబ్బలు చీల్చి బుట్టలు, చాటలు అల్లేవాళ్లు. లంబాడీ తండాలు ఇంకా పెద్ద ఎత్తున, వేల ఎద్దులతో, సైన్యాలకి కూడా ధాన్యం, ఉప్పు చేరవేసేవి. మొత్తం సంసారం వెంటే. వంట దారిలోనే, పిల్లలు పుట్టేది దారిలోనే. తిండి, అడవి, మారుమూల దారి అని ఇప్పుడు మనం ట్రావెల్ వీడియోల కింద రాసుకునే మూడు మాటలూ వాళ్లకి వృత్తి. నల్లమల అంచున ఉన్న ఏ పల్లెలోనో పప్పులో ఉప్పు పడిందంటే ఇలాంటి ఎవరో కొన్ని వందల మైళ్లు నడిచారన్నమాట.

అదే దారుల మీద అదే కాలంలో పెద్దమనుషులు కూడా తిరిగారు. 1830 మేలో మద్రాసు సుప్రీంకోర్టు ఉద్యోగి ఏనుగుల వీరాస్వామయ్య సుమారు వందమంది పరివారంతో కాశీకి బయల్దేరి, పదిహేను నెలల పైచిలుకు తర్వాత 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. మజిలీ మజిలీకీ నీళ్లు ఎలా ఉన్నాయి, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా అని రాసుకున్నాడు. తెలుగులో మొదటి రోడ్ ట్రిప్ పుస్తకం అదే అంటే నేను ఒప్పుకుంటాను. అది 1838లో అచ్చయింది. ఆయన పల్లకీ మోసిన బోయీలు ఆ దారి గురించి ఏమనుకున్నారో మాత్రం ఎక్కడా అచ్చవలేదు.

ఉప్పు మీద కంపెనీ పెత్తనం, ఆ తర్వాత రైళ్లు, ఆ తర్వాత అడవి చట్టాలు. ఈ మూడూ కలిసి ఎరుకలవాళ్ల వ్యాపారాన్ని నడ్డి విరిచాయి. రైలు ఉప్పుని గంటల్లో చేరవేస్తుంటే గాడిదని ఎవరు పిలుస్తారు? అడవిలో వెదురు కొడితే నేరం, పశువుల్ని మేపితే పన్ను. పని పోయింది, తిరుగుడు మిగిలింది. పని లేకుండా తిరిగేవాడు దొంగే అయ్యుండాలని పోలీసు రికార్డు తేల్చేసింది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ కథని వివరంగా రాశారు. ఇంగ్లండ్‌లో జిప్సీల మీద ఉన్న అనుమానమే ఓడెక్కి వచ్చి ఇక్కడి సంచార జాతుల మీద ఎలా వాలిందో ఆవిడ పుస్తకంలో చూడొచ్చు.

1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర ఎరుకలవాళ్ల కోసం ఒక సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు మీద అది స్టువర్టుపురం అయింది. హాజరు వేయించుకోవాలి, బయటికి వెళ్లాలంటే అనుమతి కావాలి. చీరాల పొగాకు కంపెనీకి కూలీలు అక్కడినుంచే వచ్చేవాళ్లు. రోజుకో ఊరు చూసిన కాళ్లకి గేటు పడింది. 1952లో చట్టాన్ని రద్దు చేశారు. పేరు మాత్రం వదల్లేదు. 1991లో చిరంజీవితో 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' వచ్చింది, అదే ఏడాది 'స్టువర్టుపురం దొంగలు' వచ్చింది, 2023లో రవితేజ 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. ఆ ఊరి పేరు చెప్పగానే మనకి ఉప్పు గుర్తుకు రాదు.

ఇప్పుడు సముద్రం దాటి అమెరికా వెళ్దాం. ఇంటిని ఇంజను మీదికి ఎక్కించిన కథ అక్కడ జరిగింది కాబట్టి. అక్కడ కూడా ఒక స్టేబుల్స్ ఉన్నాడు, కాకపోతే కొన్ని వేల రెట్లు డబ్బున్నవాడు.

హెన్రీ ఫోర్డ్, థామస్ ఎడిసన్, టైర్ల హార్వీ ఫైర్‌స్టన్, ప్రకృతి గురించి రాసే ముసలాయన జాన్ బరోస్. ఈ నలుగురూ 1910ల మధ్య నుంచి దాదాపు పదేళ్ల పాటు వేసవుల్లో కార్లేసుకుని అడవులకి పోయేవాళ్లు. తమని తాము 'దిమ్మరులు' అని పిలుచుకున్నారు. 1918లో అపలాచియన్ కొండల్లో తిరిగారు. 1919లో ఇంకో ట్రిప్పుకి బయల్దేరినప్పుడు వెంట యాభై వాహనాలు. అందులో ఒకటి ఫోర్డ్ ప్రత్యేకంగా చేయించిన వంట బండి: పెట్రోలు స్టవ్, లోపలే అమర్చిన ఐస్ పెట్టె. ఇంకో బండి నిండా డేరాలు, మంచాలు, కుర్చీలు, కరెంటు దీపాలు. ఇరవైమంది కూర్చునే గుండ్రటి భోజనాల బల్ల, మధ్యలో తిరిగే పళ్లెం. వంట చేసింది సాటో అనే జపనీయ వంటమనిషి. ఫోర్డ్ కంపెనీ కెమెరా వాళ్లు వెంట ఉండి తీసిన దృశ్యాలు సినిమా హాళ్లలో ఆడాయి. కోటీశ్వరులు కట్టెలు కొట్టుకుంటున్నారు, వాగులో మొహం కడుక్కుంటున్నారు అని జనం నోరెళ్లబెట్టి చూశారు. 1921లో అమెరికా అధ్యక్షుడు హార్డింగ్ కూడా వచ్చి వాళ్లతో కూర్చున్నాడు.

కారు ఒకాయనది, టైరు ఇంకొకాయనది. ఇంకో సంగతి. మోడల్ టి కారుకి వాడే కలప కోతలో మిగిలిన ముక్కల్ని ఫోర్డ్ వంట బొగ్గుగా మార్చి, తన కార్ల షాపుల్లోనే అమ్మించాడు. అడవికి వెళ్లే బండీ ఆయనదే, వెళ్లాక మాంసం కాల్చుకునే బొగ్గూ ఆయనదే, ఆ బొగ్గుకి కొట్టింది అడవినే.

జనం ఈ బొమ్మలు చూసి ఊరుకోలేదు. 1920లలో చవక కార్లు కొని, వెనక డేరాలు కట్టుకుని, డబ్బా ఆహారంతో లక్షలాది మంది రోడ్డెక్కారు. మొదట్లో ఊళ్లు వీళ్లని సంతోషంగా పిలిచాయి. మున్సిపాలిటీలు ఉచిత క్యాంపులు తెరిచాయి, నీళ్లు, పొయ్యిలు ఏర్పాటు చేశాయి. వచ్చినవాడు పట్నం దుకాణంలో నాలుగు డబ్బులు ఖర్చు పెడతాడని ఆశ. కొన్నేళ్లకి చూస్తే క్యాంపులో దిగుతున్నవాళ్లలో కొంతమంది సెలవు మీద వచ్చినట్టు లేరు. భార్యాపిల్లలు, పరుపులు, గిన్నెలు అన్నీ బండి మీదే. వాళ్లు వెనక్కి వెళ్లే సూచన లేదు. అప్పుడు ఉచితం తీసేసి రుసుము పెట్టారు. ఆ రుసుము డబ్బు కోసం కాదు, జల్లెడ పట్టడం కోసం.

1930లలో ఆ జల్లెడ కాస్తా గోడ అయింది. మాంద్యం, కరవు, దుమ్ము తుఫానులు. ఓక్లహోమా, టెక్సస్, ఆర్కన్సా వైపు నుంచి పొలాలు పోగొట్టుకున్న కుటుంబాలు పాత కార్ల మీద ఇల్లంతా కట్టుకుని పడమరకి కదిలాయి. పరుపు పైన, బకెట్టు పక్కన, అమ్మమ్మ మధ్యలో. 1936 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలస్ పోలీసు అధిపతి తన నగరం హద్దు దాటి, రాష్ట్ర సరిహద్దులకే 136 మంది పోలీసుల్ని పంపాడు. చేతిలో డబ్బు లేనట్టు కనపడిన బండిని వెనక్కి తిప్పడం వాళ్ల పని. ఒక అమెరికన్‌ని అమెరికాలోనే ఇంకో రాష్ట్రంలోకి రానివ్వకపోవడం. పేదవాణ్ణి రాష్ట్రంలోకి తేవడం నేరమన్న కాలిఫోర్నియా చట్టం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పడానికి 1941 దాకా పట్టింది. టెక్సస్ నుంచి పనిలేని బావమరిదిని కార్లో ఎక్కించుకొచ్చిన ఎడ్వర్డ్స్ అనే మనిషి కేసు అది.

అదే 1936లో జాన్ స్టైన్‌బెక్ అనే ముప్పై నాలుగేళ్ల రచయిత పాత బేకరీ ట్రక్కు ఒకటి సంపాదించి, అందులో దుప్పట్లు వేసుకుని కాలిఫోర్నియా వలస కూలీల క్యాంపుల్లో తిరిగాడు. శాన్ ఫ్రాన్సిస్కో న్యూస్ అనే పత్రికకి ఏడు వ్యాసాలు రాశాడు. ఆ వరస పేరు 'కోతల జిప్సీలు'. చూశారా, ఇంగ్లండ్ మాట ఇక్కడికీ వచ్చింది. ఆ వ్యాసాల్లో నాకు మర్చిపోలేనిది తిండి పట్టిక. ఏ కుటుంబంలో ఎంతమంది, ఆ పూట ఏం తిన్నారు అన్నదే, వ్యాఖ్యానం పెద్దగా లేదు. పని ఉన్న రోజుల్లో కూడా పాలు లేవు. పని లేని రోజున ఉడికించిన బంగాళాదుంపలు, దారి పక్క మొలిచే డాండెలైన్ ఆకుకూర, నూనెలో వేయించిన పిండి ముద్ద. రోడ్డు మీద వండుకున్న భోజనాల గురించి ఇన్ని పుస్తకాలున్నాయి కదా, ఈ పట్టికని వాటి పక్కనే పెట్టి చదవాలి. మూడేళ్లకి, 1939లో, ఇదంతా 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' అయింది.

ఇరవై నాలుగేళ్ల తర్వాత అదే మనిషి రెండోసారి బండిలో కాపురం పెట్టాడు. 1960 సెప్టెంబరు 23న, యాభై ఎనిమిదేళ్ల వయసులో, గుండె జబ్బుతో, చార్లీ అనే పూడుల్ కుక్కని పక్కన కూచోబెట్టుకుని, కొత్త జీఎంసీ ట్రక్కు మీద బిగించిన క్యాంపర్‌లో అమెరికా చుట్టి రావడానికి బయల్దేరాడు. బండి పేరు రోసినాంటే, డాన్ కిహోటే గుర్రం పేరు. దాదాపు పదివేల మైళ్లు. బట్టలుతకడానికి ఆయన పద్ధతి నాకు భలే నచ్చుతుంది: మూతున్న బకెట్టులో నీళ్లు, సబ్బు, బట్టలు వేసి, సాగే తాడుతో వేలాడదీస్తే, రోజంతా రోడ్డు కుదుపులకి అవే ఉతుక్కునేవి.

తుపాకులు, గాలాలు కూడా వెంట వేసుకున్నాడు. వేట మీద మోజుతో కాదు. ఊరికే తిరుగుతున్నాను అంటే జనానికి అనుమానం, వేటకో చేపలకో పోతున్నాను అంటే ఎవరూ ఇంకో ప్రశ్న వేయరు అని ఆయనే రాసుకున్నాడు. ఇదంతా తెలిసే చేశాడు ఆయన. 1936లో సరిహద్దు దగ్గర వెనక్కి తిప్పిన బళ్లలో గాలాలు లేవు, పరుపులున్నాయి.

మెయిన్ రాష్ట్రంలో బంగాళాదుంపలు తవ్వే రోజులవి. కెనడా నుంచి వలస వచ్చిన ఫ్రెంచి కూలీ కుటుంబం ఒకటి చెరువు దగ్గర గుడారం వేసుకుంది. స్టైన్‌బెక్ పక్కనే బండి ఆపి, పలకరింపుకి మొదట చార్లీని వదిలాడు. కుక్కని తీసుకెళ్లే వంకతో వెళ్లి, మాట కలిపి, భోజనాలయ్యాక అందర్నీ తన బండిలోకి పిలిచాడు. దాచుకున్న మంచి ఫ్రెంచి బ్రాందీ తీసి, ఇరుకు బల్ల చుట్టూ దగ్గర దగ్గరగా కూచోబెట్టి, ఉన్న కప్పుల్లోనే పోశాడు. ఆ పుస్తకంలో అంత వెచ్చగా ఉండే ఘట్టం ఇంకోటి లేదు. రెండు చక్రాల ఇళ్లు ఒక చెరువు ఒడ్డున ఎదురెదురుగా నిలబడ్డాయి. ఒకటి కూలికి వచ్చింది, ఇంకోటి దేశాన్ని చూడడానికి వచ్చింది. బ్రాందీ ఉన్నది రెండో దాంట్లో.

ప్రయాణం చివరికి ఆయన న్యూ ఆర్లీన్స్ చేరాడు. రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ల నల్లజాతి పాప తెల్లపిల్లల బడిలో చేరినందుకు రోజూ బడి ముందు తెల్ల ఆడవాళ్లు గుమిగూడి బూతులు తిడుతున్న రోజులు. అది చూశాక ఆయనకి తిరగాలన్న కోరిక చచ్చిపోయింది, బండిని ఇంటి దారి పట్టించాడు. అప్పటికి నల్లజాతి ప్రయాణికులకి 'గ్రీన్ బుక్' అనే దారి పుస్తకం ఉండేది. ఏ ఊళ్లో ఏ హోటలు, ఏ పెట్రోలు బంకు, ఏ ఇల్లు తమని రానిస్తుందో చెప్పే చిరునామాల జాబితా. 1936లో మొదలైంది. అవును, అదే ఏడాది. రోసినాంటేలో రాత్రి ఎక్కడ పడుకుంటే అక్కడే ఇల్లు అనుకునే స్వేచ్ఛ స్టైన్‌బెక్‌కి చర్మం రంగుతో పాటు వచ్చింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. యాభై ఏళ్లకి బిల్ స్టైగర్‌వాల్డ్ అనే జర్నలిస్టు అదే దారిలో వెళ్లి, తేదీలు, ఉత్తరాలు సరిచూసి, ఆయన చాలా రాత్రులు హోటళ్లలో పడుకున్నాడని, చాలా దూరం భార్య పక్కనే ఉందని తేల్చాడు. పుస్తకంలో కల్పన ఉందని తర్వాత వచ్చిన ఎడిషన్ ముందుమాట కూడా ఒప్పుకుంది. దీని మీద పెద్ద గొడవే జరిగింది. నాకు మాత్రం ఇందులో మోసం కన్నా సహజమే ఎక్కువ కనపడుతుంది. జబ్బు మనిషి, డబ్బున్న మనిషి, ఒళ్లు నొప్పులు పుడితే మంచం ఉన్న గది వెతుక్కున్నాడు. ఓక్లహోమా నుంచి వచ్చిన అమ్మమ్మకి ఆ వీలు లేదు, అంతే తేడా. రోసినాంటే ఇప్పుడు కాలిఫోర్నియాలో సలీనస్ ఊళ్లో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఉంది.

చట్టాలు మాత్రం మ్యూజియంకి పోలేదు. 2022లో బ్రిటన్ తెచ్చిన ఒక చట్టం ప్రకారం, అనుమతి లేని నేల మీద బండిలో నివాసం పెట్టి, కదలమంటే కదలకపోతే అది నేరం కావచ్చు, బండిని జప్తు చేయొచ్చు. దెబ్బ మొదట పడేది తమ మీదేనని రోమా, ట్రావెలర్ సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. అమెరికాలో 2024లో సుప్రీంకోర్టు, ఇల్లు లేనివాళ్లు బహిరంగ స్థలాల్లో పడుకుంటే శిక్షించే అధికారం ఊళ్లకి ఉందని చెప్పింది. ఆరెగన్‌లో గ్రాంట్స్ పాస్ అనే చిన్న ఊరి కేసు అది. ఆ రాష్ట్రం అడవులకి, సముద్రపు ఒడ్డు హైవేకి క్యాంపర్ల మధ్య మంచి పేరుంది.

మన దగ్గర కూడా ఇప్పుడు ఫోర్స్ ట్రావెలర్లు, పాత ఓమ్నీలు కొని, లోపల మంచం, సింకు, ఇండక్షన్ పొయ్యి బిగించుకుని లడఖ్ దాకా పోయేవాళ్లు కనపడుతున్నారు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే నల్లమల రోడ్డు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, పులుల కోసం. గేటు దగ్గర తెల్లారేదాకా ఆగిపోయిన బళ్లలో ఇలాంటివీ ఉంటాయి. లోపల దీపం వెలిగించుకుని ఉప్మా చేసుకుంటారు. ఎవరూ ఏమీ అనరు, అనకూడదు కూడా.

సంచార, విముక్త జాతుల పరిస్థితి చూడమని కేంద్రం వేసిన రేణ్కే కమిషన్ 2008లో, ఈదాతే కమిషన్ 2018లో నివేదికలిచ్చాయి. ఈ జాతుల్లో చాలామందికి రేషన్ కార్డు లేదు, కుల ధ్రువపత్రం లేదు, కారణం స్థిరమైన చిరునామా లేకపోవడం అని రెండూ చెప్పాయి. క్యాంపర్‌వాన్‌ని మన పేరు మీద రిజిస్టర్ చేయించుకోవాలన్నా ఆర్టీఏ ఆఫీసులో ముందు అడిగేవాటిలో చిరునామా రుజువు ఒకటి.